తలలు ఆఫీసు వైపు

ఫోటోలో ఆయన నవ్వుతున్నట్టు కనిపిస్తారు. అది నవ్వు కాదు. ఎండ మొహాన కొడుతుంటే కళ్ళు చిట్లించారు, పై పళ్ళు బయటపడ్డాయి, అంతే. మా కంపెనీ ఏటా విదేశాల్లో సరుకు కొనేవాళ్ళకి పంపే సస్టైనబిలిటీ రిపోర్టులో, పంతొమ్మిదో పేజీలో ఉందా ఫోటో. నీటిని కాపాడే చేతులివి అనే అర్థం వచ్చేలా కింద ఒక ఇంగ్లీషు వాక్యం వేశారు. పేరు వెయ్యలేదు. అచ్చుకి వెళ్ళేముందు అంకెలు సరిచూడమని నిన్న ఆ పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన పోయి అప్పటికి నలభై రెండు రోజులైంది.

నేను కూడా పేరు వెయ్యను. ఆయన కోడలు ఇంకా మా షెడ్డులోనే రొయ్యలు వలుస్తోంది.

మాది భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీ. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని కడిగి, వలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో పెట్టి ఓడలకి పంపుతాం. నేను ఇంటరు తప్పి చెరువు గట్ల మీద తూకం పనిలో చేరినవాణ్ణి. కంప్యూటరులో లెక్కలు కట్టడమూ, ఫారాలు నింపేటంత ఇంగ్లీషూ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. నేర్పినవాళ్ళు లేరు కాబట్టి నా మీద నాకు నమ్మకం తక్కువ. ప్రతిదీ రెండుసార్లు కూడతాను. ఫ్యాక్టరీలోకి ఎంత నీరు వచ్చింది, ఎంత కరెంటు కాలింది, ఎంత చెత్త బయటికి పోయింది అనే లెక్కలన్నీ కట్టి ఆ రిపోర్టు తయారుచెయ్యడం తొమ్మిదేళ్ళుగా నా పని.

ఆయన పని ఫ్యాక్టరీ వెనకాల. అక్కడ వరసగా నాలుగు సిమెంటు తొట్లున్నాయి. రొయ్యలు కడిగిన మురికినీళ్ళు మొదటి దాంట్లోకి వస్తాయి. రెండోదాంట్లో గాలి మోటారు అడుగు నుంచి బుడగలు కొడుతూ ఉంటుంది. ఆ గాలి ఉంటేనే నీళ్ళు శుభ్రపడతాయి. మూడోదాంట్లో బురద తేరుకుంటుంది. నాలుగోదాంట్లో చేపలుంటాయి. శుభ్రమైన నీళ్ళలో చేపలు బతుకుతాయి కాబట్టి, చూడవచ్చినవాళ్ళకి అవే సాక్ష్యం. అక్కడి నుంచి నీళ్ళు గొట్టం గుండా మురుగు కాలవలో పడి, ఆయన ఊరి మీదుగా పోతాయి. ఆ ఊళ్ళో గేదెల్ని కడిగేది ఆ కాలవలోనే. చిన్న రైతులు ఇంజన్లు పెట్టి చెరువులకి తోడుకునేదీ ఆ నీళ్ళే.

ఆ నాలుగు తొట్ల దగ్గర ఆయన పన్నెండేళ్ళు పనిచేశారు. ముక్కుకి మాస్కు పెట్టుకునేవారు కాదు. భద్రతా నియమాల ప్రకారం పెట్టుకుని తీరాలని నేనే ఒకసారి చెప్పబోయాను.

"ముక్కు మూసుకుంటే నాకింకేం ఉద్యోగమండి మేస్టారూ?" అన్నారు.

నేను మేస్టార్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి లెక్కలు చేసేవాళ్ళంతా మేస్టార్లే. నేను ఆయన్ని బాబాయ్ గారూ అనేవాణ్ణి. నీళ్ళలో చెయ్యి ముంచి, వాసన చూసి, "రేత్రి మూడు గంటలు కట్టేశారండి మోటారు. రాసుకోండి," అనేవారు. ఏం చెప్పినా చివర ఆ రాసుకోండి ఉండాల్సిందే. తొట్టి లోతు కొలవడానికి ఒక ప్లాస్టిక్ గొట్టం ఉండేది ఆయన దగ్గర. దాని మీద గుర్తులు కోడలి గోళ్ళరంగుతో వేసుకున్నారు, మామూలు రంగు ఆ నీళ్ళకి నెల తిరక్కుండా ఊడిపోతుందని. ఆదివారం సెలవు. అయినా చర్చి కాగానే తెల్లచొక్కాతోనే సైకిలు మీద వచ్చి, నాలుగో తొట్టిలోకి తొంగిచూసి వెళ్ళేవారు.

ఆ తొట్టిలో ఆయన పెంచింది బొచ్చెపిల్లల్ని. నీళ్ళలో గాలి కాస్త తగ్గితే చాలు, బొచ్చె పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఇంకాస్త తగ్గితే తేలిపోతుంది. చచ్చినవాటిని ఆయన పారెయ్యరు. తొట్టి గోడ మీద వరసగా పేరుస్తారు, అన్నిటి తలలూ ఆఫీసు వైపు ఉండేలా. పొద్దున్నే వచ్చేవాళ్ళు ఎవరైనా ఆ గోడ పక్క నుంచే నడవాలి.

షెడ్డు ఆడవాళ్ళు నవ్వేవారు. "తాతా, ఇయ్యాల ఎంతమంది పోయారు?"

"పదకొండు మందేనమ్మా. నువ్వు వలిచినన్ని కాదులే."

ఒకరోజు మేనేజరు ఆ వరస ముందు ఆగాడు. నేను వెనకే ఉన్నాను.

"ఏంటయ్యా ఇది, చేపల మార్కెట్టా?"

"కాదండి, అటెండెన్సండి."

"ఈ ఏడుపుగొట్టు చేపలు దేనికి? నాలుగు కొర్రమీనులు పడెయ్యరాదూ? గట్టిగా ఉంటాయి."

"ఆయ్, ఉంటాయండి. కుండలో బురద పోసి పెట్టినా ఉంటాయండి. కొర్రమీను బతికిందంటే నీళ్ళు బాగున్నట్టు కాదండి, కొర్రమీను బాగున్నట్టు."

ఈ సంగతి మా డెల్టాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. సంతలో బెత్తెడు నీళ్ళలో, టబ్బులో, సాయంత్రం దాకా ప్రాణంతో ఉండేది అందుకే. మేనేజరూ ఈ చుట్టుపక్కల వాడే. తెలియక అన్న మాట కాదది.

మోటారు ఎందుకు కట్టేస్తారంటే, మాకున్నది ఒక్కటే ట్రాన్స్‌ఫార్మరు. సరుకు ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు ఫ్రీజర్లన్నీ వెయ్యాలి. ఫ్రీజర్లూ గాలి మోటారూ కలిసి నడిస్తే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోదని నేను చేరకముందు నుంచీ అందరూ అనే మాట. రొయ్య ఆగదు కాబట్టి మోటారు ఆగుతుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వచ్చే ఏడాది ప్రణాళికలో ఉందని రిపోర్టులో ఏటా నేనే రాస్తాను.

ఆయన కోరింది ఆ మోటారు ఆగకుండా తిరగాలని. పన్నెండేళ్ళలో ఆయన ఇంకేమీ అడగగా నేను వినలేదు.

ఒక ఏడాది మా ఫ్యాక్టరీకి నీటి పొదుపు కోసం బహుమతి వచ్చింది. కిలో రొయ్యకి మేం వాడే నీరు అయిదో వంతు తగ్గిందని లెక్క తేలింది. లెక్క నాదే. అందరికీ కోవా పంచారు. నేను ఒక పొట్లం పట్టుకుని వెనక్కి వెళ్ళాను, ఆయనకి ఇద్దామని, కొంచెం గొప్ప చెప్పుకుందామని కూడా.

ఆయన కోవా తినలేదు. జేబులో పెట్టుకున్నారు.

"తగ్గిందాండి? నాకు వచ్చేది తగ్గలేదండి మరి. చూడండి." గొట్టం తొట్టిలో దింపి, గోళ్ళరంగు గుర్తు చూపించారు. పోయినేడాది ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే.

"లోపలికి తక్కువొచ్చి బయటికి అంతే పోతే, మధ్యలో ఎవరు పోస్తున్నారండి నీళ్ళు?" అని కాసేపు ఆలోచించి, "అవునండి, ఐసు ఇప్పుడు మనం తయారు చెయ్యట్లేదు కదా?" అన్నారు.

చెయ్యట్లేదు. ఆ ఏడాదే మా ఐసు ప్లాంటు మూసేసి, బయట ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించడం మొదలుపెట్టాం.

"ఐసంటే నీళ్ళు కాదేంటండి?" అన్నారాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగారు.

నేను నా గదికి వచ్చి రోజుకి ఎన్ని దిమ్మలు వస్తున్నాయో, ఒక్కో దిమ్మ ఎంత నీరో కట్టాను. అయిదో వంతు పొదుపు ఎటుపోయిందో తెలిసింది. ఎటూ పోలేదు, ఊరి అవతల ఐసు ఫ్యాక్టరీ బోరులో ఉంది. మర్నాడు హైదరాబాదులో మా రిపోర్టు చూసే సలహాదారుకి ఫోను చేశాను.

"ఐసు కొన్న సరుకు కిందికి వస్తుందండి. ఈ ఫారంలో దానికి గడి లేదు," అన్నాడు.

"మరి ఆ నీళ్ళు ఎవరి లెక్కలోకి వెళ్తాయండి?"

"ఐసు వాళ్ళ రిపోర్టులోకి వస్తాయండి."

ఐసు ఫ్యాక్టరీ అంటే రేకుల షెడ్డు, ఇద్దరు పనివాళ్ళు, ఒక కుక్క. వాళ్ళకి రిపోర్టు లేదు. దాంతో ఆ నీళ్ళు ఎవరివీ కాకుండా పోయాయి. బహుమతి పలక ఇప్పటికీ గోడకి ఉంది. దాని మీద దుమ్ము నేను తుడవను, అంతకు మించి నేను చేసిందేమీ లేదు.

ఇప్పుడు చెప్పవలసింది ఆ ఫోటో తీసిన రోజు గురించి.

మా సరుకు విదేశాల్లో కొనాలంటే కావలసిన సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి విదేశీ ఆవిడ ఒకరు తనిఖీకి వచ్చారు. ముందురోజు సాయంత్రం మేనేజరు సంతకి మనిషిని పంపి పన్నెండు కొర్రమీనులు తెప్పించి, నాలుగో తొట్టిలో వేయించాడు. మిగిలిన బొచ్చెపిల్లల్ని తీయించేశాడు. ఆవిడకి మాటలు తర్జుమా చేసే అమ్మాయి ఆరోజు రాలేదు. ఆ పని నా నెత్తిన పడింది.

ఆవిడ మంచి మనిషే. తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళలోకి చూశారు. ఆయన వైపు తిరిగి, ఈ చేపలు మీకేం చెబుతున్నాయి అని అడిగారు. నేను తెలుగులో చెప్పాను. అంత మంచి ప్రశ్న ఆయన్ని పన్నెండేళ్ళలో ఎవరూ అడిగి ఉండరు.

ఆయన నా మొహంలోకి చూశారు. "మేస్టారూ, ఉన్నదున్నట్టు చెప్పండి. ఇవి నిన్న సాయంత్రం సంత నించి వచ్చినవండి. గాలి పీల్చే చేపలండి, నీళ్ళు చచ్చిపోయినా ఇవి బతుకుతాయండి. ఇక్కడ బొచ్చెపిల్లలు బతకట్లేదండి. ఫ్రీజర్లు వేసినప్పుడల్లా గాలి మోటారు కట్టేస్తున్నారండి. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పెట్టించమనండి. అంతేనండి."

మేనేజరు నా పక్కనే ఉన్నాడు. నన్ను చూడలేదు, తన ఫోను చూసుకుంటున్నాడు.

ఇది ఇక్కడి చేప, చాలా ఆరోగ్యంగా ఉందండి అని ఆవిడకి చెప్పాను. ఇంగ్లీషులో అయిదు మాటలయ్యాయి.

ఆవిడ చిరునవ్వుతో రాసుకున్నారు. ఆయన్ని ఎండలో నిలబెట్టి ఫోటో తీసుకున్నారు, తర్వాత మా కంపెనీకీ పంపారు.

ఆవిడ ముందుకి నడిచాక ఆయన నా దగ్గరికి వచ్చారు. "నేను అంత చెప్తే మీరు ఇంతే చెప్పారేంటండి?" అన్నారు. "ఇంగ్లీషు అంత పొదుపైన భాషాండి?"

ఎందుకలా చేశానంటే భయం. షెడ్డులో మూడువందల మంది ఆడవాళ్ళున్నారని, సర్టిఫికెట్ పోతే వాళ్ళ పని పోతుందని తర్వాత చాలా లెక్కలు వేసుకున్నాను. అవన్నీ తర్వాత వేసుకున్నవే. ఆ క్షణంలో ఏ లెక్కా లేదు.

ఆవిడకి తెలుగు రాదు గాని మేనేజరుకి వచ్చు. వారం తిరక్కుండా ఆయన్ని తొట్ల దగ్గర నుంచి తీసేసి, గేటు దగ్గర బూట్లు ముంచే మందునీళ్ళ తొట్టి దగ్గర కూర్చోబెట్టారు. పదకొండు రోజులు కూర్చున్నారు. పన్నెండో రోజు రాలేదు.

నేను వాళ్ళింటికి వెళ్ళడానికి నెల పట్టింది. కాలవ పక్కన చర్చి, చర్చి వెనక వరస ఇళ్ళు. గాలి అటు నుంచి వీచినప్పుడల్లా నాకు బాగా తెలిసిన వాసనే వచ్చింది. ఆయన మంచం వాల్చి కూర్చోమన్నారు. కోడలు టీ తెచ్చింది.

"నా మీద కోపం లేదాండి బాబాయ్ గారూ?"

"ఉందండి." టీ ఊదుకుని ఒక గుక్క తాగారు. "ఉంటే మటుకు? దాంతో మోటారు తిరుగుద్దాండి?"

నాలుగు తిట్లు తిడతారనుకుని వెళ్ళాను. తిడితే నాకు సులువయ్యేది. ఆయన బిస్కట్లు తెమ్మని కోడల్ని కేకేశారు.

"సర్టిఫికెట్ వాళ్ళకి ఫిర్యాదు రాసే అడ్రసు ఒకటి ఉందండి. నేను రాస్తాను," అన్నాను.

"రాస్తే ఏమవుద్దండి?"

"విచారణ చేస్తారు. నిజమని తేలితే సర్టిఫికెట్ ఆపేస్తారు. సరుకు కొనరు."

లోపలి నుంచి కోడలు, "అయితే మా పనేమవుద్దండి మరి?" అంది. బిస్కట్ల పళ్ళెం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"విన్నారుగా," అన్నారాయన. "నేను మూతెయ్యమనట్లేదండి, మోటారెయ్యమంటున్నాను. మొదటి రోజు నించీ ఇదే చెప్తున్నాను. ఈ రెంటికీ మధ్య ఇంకేమీ ఉండదాండి మీ ఫారాల్లో?"

ఆ మాట పట్టుకుని నేను ఫారాలన్నీ వెతికాను. నూట నలభై ప్రశ్నలున్నాయి. ప్రతిదాని పక్కనా మూడే గళ్ళు: అవును, కాదు, మాకు వర్తించదు. భూగోళం మొత్తాన్ని కాపాడటానికి పెద్ద పెద్ద కంపెనీలు కూర్చుని తయారుచేసిన ఫారాలవి. కాదని రాస్తే ఫ్యాక్టరీ మీదికి వస్తుంది, అవునని రాస్తే కాలవ మీదికి పోతుంది. మోటారెయ్యండి అని రాసే చోటు మాత్రం ఎక్కడా లేదు. ఫిర్యాదు నేను రాయలేదు.

ఆయన గుండెపోటుతో పోయారు. కాలవ నీళ్ళకీ దానికీ సంబంధం ఉందని నేను రాయను, నా దగ్గర ఆధారం లేదు. సమాధి కార్యక్రమానికి షెడ్డు నుంచి ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు, పూటకి సెలవు పెట్టుకుని. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా గాలి తిరిగింది. ఇద్దరు ముగ్గురు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ముక్కు మూసుకోకుండా నిలబడాలని నేను ప్రయత్నించాను. ఎక్కువసేపు కుదరలేదు.

రెండు వారాల కిందట ఈ ఏడాది తనిఖీ జరిగింది. ఈసారి వేరే ఆయన వచ్చాడు. నేను తొట్టి దగ్గర నిలబడి ఆయనతో అంతా చెప్పేశాను. కొర్రమీను గాలి పీలుస్తుందని, మోటారు కట్టేస్తారని, ఐసు కూడా నీళ్ళేనని. మేనేజరు పక్కనే ఉన్నాడు. నా ఉద్యోగం ఆరోజుతో సరి అనుకున్నాను.

ఏమీ కాలేదు. తనిఖీ ఆయన నా మాటల్ని పెద్ద తప్పు కాదు, చిన్న పరిశీలన అని రాసుకుని, మూడు నెలల్లో సరిదిద్దమన్నాడు. మేనేజరు నా భుజం తట్టి, "బాగా చెప్పారండి. పారదర్శకత అంటే ఇదే," అన్నాడు. వారంలో సరిదిద్దేశారు కూడా. నాలుగో తొట్టి దగ్గర స్టీలు బోర్డు పెట్టించారు. దాని మీద కొర్రమీను బొమ్మ, పేరు, అది గాలి కూడా పీల్చగలదన్న ముక్క, మూడు భాషల్లో. బోర్డు ఫోటో తీసి పంపారు. పరిశీలన ముగిసిందని జవాబు వచ్చింది. మోటారు గురించి, ట్రాన్స్‌ఫార్మరు వచ్చే ఏడాది ప్రణాళికలో ఉందని రాశారు. ఆ వాక్యం నా పాత రిపోర్టు లోంచి తీసుకున్నదే.

నిన్న ఆ ఫోటో ఉన్న పేజీ చూశాక నాకు పని మీద చెయ్యి ఆడలేదు. ఒక కాగితం తీసుకుని ఫ్యాక్టరీ అంతా తిరిగాను. ప్రతి యంత్రం మీదా అది ఎంత కరెంటు తీసుకుంటుందో చెప్పే చిన్న రేకు ఉంటుంది. ఫ్రీజర్లవి, కంప్రెసర్లవి, దీపాలవి, చివరికి గాలి మోటారుది రాసుకున్నాను. అన్నీ కలిపి మొత్తం కూడాను. తర్వాత ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వెళ్ళి దాని రేకు చూశాను.

సరిపోతుంది. అంచు మీద, కానీ సరిపోతుంది. మూసేసిన ఐసు ప్లాంటు కరెంటు ఇప్పుడు వాడటం లేదు కదా. ఆ మాట ఎవరూ తలుచుకోలేదు, నాతో సహా. అరగంట పని ఇది. ఐసు ప్లాంటు మూసేశాక, ఆయన బతికుండగా ఏ రోజు చేసినా అయ్యేది. తట్టుకోదని అందరూ అన్నారు, నేనూ రాశాను. ప్రతిదీ రెండుసార్లు కూడే నేను, దీన్ని ఒక్కసారి కూడా కూడలేదు.

కాగితం పట్టుకుని ఇవాళ పొద్దున్న మేనేజరు దగ్గరికి వెళ్ళాను. పైపైన చూసి, "వచ్చే మీటింగులో పెడదామండి," అన్నాడు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండుంపావు. కైకలూరు వైపు నుంచి నాలుగు లారీల సరుకు దిగింది. ఫ్రీజర్లన్నీ వేశారు. ఇప్పుడే వెనకాల గాలి మోటారు చప్పుడు ఆగింది. దాని స్విచ్చు దగ్గరికి నా గది నుంచి తొంభై అడుగులు. వెళ్ళి వేస్తున్నాను.